మొదటిసారి వెనిస్ వెళ్తే: రెండు రాత్రులు, ఒక చిన్న సంచి

(నెల్లూరులో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు బాబూ, నాకంటే అదే గట్టిగా మాట్లాడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

పోయిన నెల మీటింగ్ అయిపోయాక ఒకాయన నన్ను గుమ్మం దగ్గర ఆపారు. ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. "మేడమ్, మా అబ్బాయి లండన్ రమ్మంటున్నాడు, అట్నించి అటు ఇటలీలో వెనిస్ చూపిస్తాడంట, రెండు రోజులే టైము, ఏమేం చూడాలో ఒక కాగితం మీద రాసిస్తారా" అన్నారు. సరేనని ఇంటికెళ్లి రాయడం మొదలుపెట్టాను. ఇరవై రెండు పేర్లయ్యాయి. ఒకసారి చదువుకుని చింపేశాను. ఎందుకంటే నా మొదటి ప్రయాణం అచ్చం అలాంటి కాగితంతోనే జరిగింది.

ప్యాకేజీ టూర్ అది. పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు. మీలో చాలామంది వెళ్లే ఉంటారు, నవ్వుతున్నారు కదా! బస్సు ఊరి బయట ఆగింది. అక్కణ్ణించి పడవెక్కించారు. దిగగానే గాజు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లారు. ఒకాయన గొట్టం ఊది గుర్రం బొమ్మ చేసి చూపించాడు, తర్వాత అరగంట సేల్స్. ఆ తర్వాత గొండోలా క్యూ, అంటే అక్కడి పొడుగాటి నల్ల పడవ. గొండోలా దిగాక ఫొటోలు. జెండా పట్టుకున్న అమ్మాయి "బస్సు, బస్సు" అని కేకలు. మొత్తం మూడున్నర గంటలు. ఇంటికొచ్చాక మా తోటికోడలు "వెనిస్ ఎట్లుందక్కా" అంటే "నీళ్లున్నాయి, జనం ఉన్నారు" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు మరి.

రెండోసారి, 2025 ఏప్రిల్‌లో, మ్యూనిక్‌లో ఉండే మా అమ్మాయితో వెళ్లాం, నేను, మావారు. రెండు రాత్రులున్నాం. ఈ రోజు చెప్పేదంతా ఆ రెండు రాత్రుల సంగతే.

ముందు ఒక మాట. కాలువల ఊరు అనగానే మనం నోరు తెరుస్తాం. కాలువ మనకు కొత్తా? బకింగ్‌హామ్ కాలువ ఎవరిది? మనదే కదా! 1876-78 కరువులో, తిండిలేని జనానికి పని కల్పించాలని, మన తీరం వెంబడి అప్పటికే ఉన్న కాలువను ఇంకా తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. మా అమ్మమ్మది కావలి అవతల తుమ్మలపెంట వైపు. ఉప్పు బస్తాలు, సరుగుడు కట్టెలు పడవల్లో పోవడం ఆమె చూసింది. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవాళ్లట. కాబట్టి కాలువ ఉన్నంత మాత్రాన వెనిస్ అయిపోదు. మరి అక్కడున్న తేడా ఏమిటి? కాలువ తప్ప ఇంకో రోడ్డు లేకపోవడం. కారు లేదు, ఆటో లేదు, స్కూటర్ లేదు, సైకిల్ కూడా తొక్కకూడదు. అంబులెన్స్ పడవ, పోలీసు పడవ, చెత్త పడవ, శవాన్ని తీసుకెళ్లేదీ పడవే.

మరి మనిషి? మనిషి మాత్రం నడవాలి. ఇది ఎవరూ చెప్పరండీ! ఫొటోల్లో అంతా పడవలే కనిపిస్తాయి కాబట్టి, హాయిగా కూర్చుని తిరగొచ్చు అనుకుంటాం. 118 చిన్న దీవులు, వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు. కింద పడవ పోవాలి కాబట్టి వంతెన నడుము పైకెత్తి ఉంటుంది, అటు మెట్లు, ఇటు మెట్లు. పది నిమిషాల నడకలో నాలుగైదు వంతెనలు తగులుతాయి. అది నీళ్ల మీద ఊరు అంటారు గానీ, మీ వరకు అది మోకాళ్ల మీద ఊరు. ప్లాన్ వేసేటప్పుడు మ్యాపు చూడొద్దు, ముందు మీ మోకాళ్లను చూసుకోండి.

అందుకే మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలంటే, గదికి. మెస్త్రె అని ఒడ్డున, నేల మీద ఊరుంది. అక్కడ గదులు చవక, రైలెక్కితే పది నిమిషాల్లో వెనిస్. "పడుకోవడానికే కదా, అక్కడ తీసుకుందాం" అంటారు పిల్లలు. నేను వద్దంటాను. ఉదయం పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఆ ఊరు మన తిరునాళ్లలా ఉంటుంది. ఊరు ఊరుగా కనిపించేది తెల్లవారుజామున, రాత్రి తొమ్మిది తర్వాత. మెస్త్రెలో పడుకున్నవాళ్లు సరిగ్గా జనంతో పాటు వస్తారు, జనంతో పాటు పోతారు. డబ్బు మిగుల్తుంది, ఊరు మిగలదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2024 నుంచి రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చి పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. ఆ ఏడు 29 రోజులు, 2025లో 54 రోజులు. ముందుగా కడితే 5 యూరోలు, చివరి నిమిషంలో అయితే 10. రాత్రి బస చేసేవాళ్లకు, మెస్త్రెలో అయినా సరే, ఇది లేదు, కానీ మినహాయింపు కోసం ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మీరు వెళ్లే తేదీలకు ఉందో లేదో నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గది తీసుకునేటప్పుడు ఇంకొకటి చూడాలి. హోటల్ ఎంత అందంగా ఉందని కాదు, పడవ రేవు నుంచి గదికి మధ్య ఎన్ని వంతెనలున్నాయని. అడగండి, సిగ్గుపడొద్దు. మా అమ్మాయి మెయిల్ పెట్టి అడిగింది, "ఒకటే వంతెన" అన్నారు. ఆ ఒక్క వంతెన మీద మావారి సూట్‌కేసు సంగతి చెప్పాలి. ఇరవై మూడు కిలోల పెట్టె. వద్దు వద్దంటే వినలేదు, "చక్రాలున్నాయి కదా" అన్నారు. మెట్లకు చక్రాలతో ఏం పని? మూడో మెట్టు మీద ఒక చక్రం ఊడి కాలువ వైపు దొర్లింది. ఈయన పెట్టె వదిలేసి చక్రం వెంట పరిగెత్తబోయారు, పెట్టె వెనక్కి జారింది. వెనకున్న ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, చేతిలో కూరగాయల సంచి, కాలు అడ్డం పెట్టి ఆపింది. ఏదో అంది వాళ్ల భాషలో. అర్థం కాలేదు గానీ, మా అమ్మ తిట్టినట్టే ఉంది. రెండు రాత్రులకు రెండు జతల బట్టలు చాలు, భుజానికి తగిలించుకునే సంచి చాలు. పెద్ద పెట్టె ఉంటే స్టేషన్‌లో లగేజీ గది ఉంది, డబ్బు కట్టి అక్కడ పెట్టేయండి.

అడ్రసు కూడా మనకు గందరగోళమే. ఊరు ఆరు భాగాలు. ప్రతి భాగానికీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి వరసగా ఇంటి నంబర్లు వేసుకుంటూ పోయారు, వీధికి సంబంధం లేదు. కస్తెల్లో అనే భాగంలో అవి ఆరు వేలు దాటుతాయి. సందు మొత్తం వెతికినా నంబరు దొరకదు. కాబట్టి హోటల్ వాళ్లను దగ్గరి పడవ రేవు పేరు, పక్కనున్న చర్చి పేరు అడిగి రాసుకోండి. గోడల మీద పసుపు బోర్డులుంటాయి, రియాల్తో వంతెన ఇటు, సాన్ మార్కో చౌకు ఇటు, రైల్వే స్టేషన్ ఇటు అని. ఫోను తప్పు చెప్పినా ఆ బోర్డులు తప్పు చెప్పవు. ఒక్కోచోట ఒకే చోటికి రెండు వైపులా బాణాలుంటాయి. కంగారు పడకండి, రెండూ నిజమే.

వీసా గురించి రెండు ముక్కలు. షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. కానీ 15 రోజులని కూర్చోవద్దు, వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. 30,000 యూరోల ఆరోగ్య బీమా తప్పనిసరి. మిగతాది మీ పిల్లలు చూసుకుంటారు, వాళ్లకు మనకంటే టెన్షన్ ఎక్కువ.

ఇక చేరడం. వీలైతే రైల్లో చేరండి. ఎందుకో చెప్తాను. మెస్త్రె దాటగానే రైలు నీళ్ల మీదికి వచ్చేస్తుంది. 1846లో కట్టిన వంతెన అది. రెండు పక్కలా పులికాట్ లాంటి ఉప్పు కయ్య, లోతు తక్కువ, మధ్యలో కర్రలు పాతి పడవల దారి గుర్తు పెట్టారు. నాకైతే తడ దగ్గర పోతున్నట్టే అనిపించింది. స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేసి తలుపు బయటికొస్తే, ఆటోస్టాండు ఉండాల్సిన చోట పెద్ద కాలువ. మెట్లు దిగితే నీళ్లే. మావారు అక్కడే నిలబడిపోయారు, "ఇదేందే" అని. విమానంలో వస్తే ఈ క్షణం ఉండదు. విమానాశ్రయానికి, చైనా దాకా వెళ్లొచ్చిన ఈ ఊరి యాత్రికుడు మార్కో పోలో పేరు పెట్టారు, ఆయన సంగతికి మళ్లీ వస్తాను.

ఇంతకీ ఈ ఊరు మునిగిపోకుండా ఎట్లా నిలబడింది? చెక్క దుంగలు. ఆల్డర్, ఓక్ దుంగల్ని బురదలోకి దగ్గరదగ్గరగా దిగగొట్టి, పైన పలకలు, ఆపైన రాయి, ఆపైన ఇల్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెక్క పుచ్చిపోదు. వాళ్లు ఇంకో పని చేశారు. కయ్యలోకి వచ్చే నదులు ఇసుక, మట్టి తెచ్చి పూడ్చేస్తుంటే, బ్రెంతా, పియావె లాంటి నదులనే మళ్లించి నేరుగా సముద్రంలో కలిపారు, వందల ఏళ్ల కిందట. మనం పులికాట్ ముఖద్వారం పూడిపోయిందని ఎన్నేళ్ల నుంచి మొత్తుకుంటున్నాం? సరే, అది ఇంకో ప్రసంగం.

కానీ పోటు మాత్రం వాళ్లనూ వదల్లేదు. 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లు లేచాయి. 2019 నవంబరులో 187. ఆ తర్వాత, 2020 అక్టోబరులో, సముద్రపు మూడు ముఖద్వారాల దగ్గర 78 ఇనుప తలుపులు పోటును ఆపడానికి మొదటిసారి లేపారు. మామూలప్పుడు అవి నీటి అడుగున పడుకుని ఉంటాయి. పెద్ద పోటు వస్తుందంటే వాటిలోకి గాలి పంపుతారు, అవి తేలి గోడలా నిలబడతాయి. మన లాకుల తలుపుల్లాంటివే, కాకపోతే ఇవి పడుకుని లేస్తాయి. చిన్న పోటుకు తలుపులు లేపరు. అప్పుడు సాన్ మార్కో చౌకులో చీలమండల దాకా నీళ్లొస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ బెడద ఎక్కువ. ఆగస్టులో ఎండ, దోమలు. దోమలకు మనం భయపడం గానీ, అంత డబ్బు పెట్టి అక్కడా దోమలెందుకు? నా ఓటు ఏప్రిల్‌కు.

చేరిన సాయంత్రం ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. ఒకటో నంబరు పడవ ఎక్కండి. వాపొరెత్తో అంటారు, అది వాళ్ల సిటీ బస్సు. ఆ పెద్ద కాలువ దాదాపు నాలుగు కిలోమీటర్లు, తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర తిరుగుతుంది. ఒకటో నంబరు ప్రతి రేవులో ఆగుతూ ముప్పావు గంటలో సాన్ మార్కో చేరుస్తుంది. మేం వెళ్లినప్పుడు ఒక్క టికెట్ 9 యూరోల 50 సెంట్లు, 75 నిమిషాలు పనిచేసేది. అందుకని 48 గంటల టికెట్ తీసుకోండి, అప్పుడు 35 యూరోలు. ఎక్కే ముందు రేవులో ఉన్న మిషన్‌కు టికెట్ చూపించాలి, మర్చిపోతే జరిమానా. రెండు పక్కలా భవంతులు. వీధి వైపు గుమ్మం చిన్నది, కాలువ వైపు సింహద్వారం. అంటే ఆ ఇళ్లు మనకు వీపు కాదు, ముఖం చూపించేది నీళ్ల మీది నుంచే. చీకటి పడుతుంటే లోపల దీపాలు వెలుగుతాయి, పై కప్పుల దూలాల మీది రంగులు కనిపిస్తాయి. మొదటి ప్రయాణంలో నేను ఇది చూడనే లేదు. గాజు గుర్రం చూశాను.

"మరి గొండోలా?" అని అడుగుతారు. అడగండి. పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. పడవ మొత్తానికి అది, ఐదుగురి దాకా ఎక్కొచ్చు. సరదా ఉంటే ఎక్కండి, నేను కాదనను. కానీ 2 యూరోలకు కూడా గొండోలా ఎక్కొచ్చని ప్యాకేజీ వాళ్లు చెప్పరు. పెద్ద కాలువ మీద వంతెనలు నాలుగే. మధ్యలో దాటాలనుకునేవాళ్ల కోసం రేవు దాటించే పడవలున్నాయి, త్రగెత్తో అంటారు. మన బల్లకట్టు అనుకోండి. సాంతా సోఫియా దగ్గర ఎక్కితే అవతల గట్టున చేపల మార్కెట్ ముందు దించుతారు. దాటడం రెండు నిమిషాలే. పొడుగ్గా, నల్లగా, ఎడమ వైపు కాస్త లావుగా ఉంటుంది గొండోలా. తెడ్డు ఒక వైపే వేస్తారు కదా, తిన్నగా పోవడానికి ఆ వంకర. ఆ సంగతి నాకు పడవలో నిలబడ్డప్పుడే తెలిసింది, ఎందుకంటే నేను కుడివైపుకు ఒరిగిపోతున్నాను.

రెండో రోజు పొద్దున ఏడింటికే ఆ మార్కెట్‌లో ఉండండి. ఆదివారం, సోమవారం చేపలుండవు, ముందే చెప్తున్నాను. నెల్లూరు మనిషికి గుడి చూపించకపోయినా పర్లేదు గానీ చేపల మార్కెట్ చూపించాలి. మంచు గడ్డల మీద పరిచి పెట్టారు. రొయ్యలు, పీతలు, నల్లని సిరా కారే చిన్న కణవలు. మావారు మోకాలి నొప్పి మర్చిపోయి ప్రతి బల్ల దగ్గరా మొప్పలు ఎత్తి చూడబోయారు, అమ్మేవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కడ చెయ్యి పెట్టకూడదు, వాళ్లే తీసివ్వాలి. స్తంభాల పక్కన గోడకు పాత పాలరాతి పలక ఒకటి ఉంది. ఏ చేప ఎంత పొడుగుంటేనే అమ్మాలో దాని మీద చెక్కారు. సార్డిన్ అయితే 7 సెంటీమీటర్లు, మలుగు అయితే 25. అంతకంటే చిన్న చేపపిల్లను అమ్మకూడదని. నేను ఆ పలక ముందు చాలాసేపు నిలబడ్డాను. మన కృష్ణపట్నం రేవులోనో, ఇస్కపల్లిలోనో అలాంటి రాయి ఒకటి పాతితే ఎట్లుంటుందో అనుకున్నాను.

అక్కణ్ణించి రియాల్తో వంతెన రెండడుగులు. 1591లో పూర్తయింది, రాతి వంతెన, పైన కొట్లు. పొద్దున ఎనిమిదిలోపు దాటితే మీదే. పది తర్వాత ట్రంకు రోడ్డులో పండగ బజారు.

లోపలికి వెళ్లి చూసేది ఒకటే పెట్టుకోండి. డోజ్ ప్యాలెస్. డోజ్ అంటే వాళ్లెన్నుకున్న పాలకుడు. రాజు కాదు, రాజులా వేషం వేసిన అధ్యక్షుడు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, 30 రోజుల ముందు తీసుకుంటే తగ్గుతుంది. మహాసభ మందిరం 53 మీటర్ల పొడవు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. పైన చుట్టూ డోజ్‌ల బొమ్మలు వరసగా ఉంటాయి. ఒకచోట బొమ్మ ఉండదు, నల్లటి తెర వేసినట్టు రంగు పూశారు. మరీనో ఫలియేరో అనే డోజ్, తానే శాశ్వత ప్రభువు కావాలని కుట్ర పన్నాడు. 1355లో తల తీశారు. బొమ్మ తీసేసి ఊరుకోలేదు చూడండి! తెర ఉంచారు, "ఇది ఫలాని వాడి చోటు" అని రాసి మరీ ఉంచారు. ముప్పయ్యేళ్లు చరిత్ర చెప్పిన దాన్ని, నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే గుర్తున్న బొమ్మ అదే. లేని బొమ్మ.

పక్కనే సాన్ మార్కో చర్చి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. పెద్ద సంచులు రానివ్వరు. 828లో వీళ్ల వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి బైబిల్లో సువార్త రాసిన మార్కు మహనీయుని అస్థికలు దొంగిలించి, పంది మాంసం కింద దాచి తెచ్చారని కథ. ముస్లిం అధికారులు దాన్ని ముట్టుకోరని. ఆ దొంగతనాన్ని దాచుకోలేదు, గోడల మీద బంగారు పూత గాజు ముక్కలతో బొమ్మలు వేసుకున్నారు. గంట గోపురం 1902లో కుప్పకూలింది, 1912కల్లా అలాగే మళ్లీ కట్టారు. లిఫ్టు ఉంది, మోకాళ్లవాళ్లు ధైర్యంగా ఎక్కండి.

మధ్యాహ్నం గదికెళ్లి పడుకోండి. నిజంగా చెప్తున్నాను. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, చౌకులో బ్యాండు వినబడే కుర్చీలో కూర్చుంటే మూడో రేటు. మంచినీళ్లు కొనొద్దు, వీధి కుళాయిల్లో నీళ్లు తాగొచ్చు.

మూడో రోజు పొద్దున మిగిలేది సగం పూట. బురానో దీవి, రంగురంగుల ఇళ్లు, పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట. నేను వెళ్లలేదు. మురానో కూడా వెళ్లలేదు. నిప్పు భయంతో 1291లో గాజు కొలుములన్నీ ఊళ్లోంచి అక్కడికి పంపేశారు. గూడూరు వైపు సిలికా ఇసుక చూసిన మనకు గాజు అంటే ఆసక్తి ఉండొచ్చు గానీ, నా గాజు గుర్రం ముందే అయిపోయింది.

నేను ఆ సగం పూట ఎక్కడికెళ్లానంటే, మార్కో పోలో ఇంటికి. ఇల్లు లేదు, ఎప్పుడో కాలిపోయింది. రియాల్తోకు ఐదు నిమిషాల దూరంలో, ఒక నాటకశాల వెనక, చిన్న పెరడులాంటి చోటు. గోడకు ఒక పలక, ఒక పాత రాతి కమాను, ఎవరివో ఆరేసిన బట్టలు. ఇక్కణ్ణించి 1271లో బయల్దేరిన పిల్లవాడు 1295లో తిరిగొచ్చాడు. దారిలో మన తీరాన్నీ చూశానని చెప్పాడు. తన యాత్రల పుస్తకంలో ముత్ఫిలి అని రాయించాడు. అదేమిటి? చీరాల దగ్గరున్న మోటుపల్లి! నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. అక్కడి బట్ట సాలెగూడులా పలచగా ఉంటుందన్నాడు, వజ్రాలున్నాయన్నాడు, ఒక రాణి న్యాయంగా ఏలుతోందన్నాడు. రాజు చనిపోతే భార్య ఏలుతోందని రాయించాడు, అది పొరపాటు. ఆ రాణి మన కాకతీయ రుద్రమదేవి, ముందు ఏలిన గణపతిదేవుడి కూతురు. పేపరు దిద్దే అలవాటు, ఊరుకోలేను. ఆ గణపతిదేవుడే 1244లో, ఓడ మునిగినా సరుకు మీదే, భయపడొద్దు అని విదేశీ వర్తకులకు మాటిచ్చి మోటుపల్లిలో శాసనం వేయించాడు. మావారు ఆ పెరట్లో అరుగు మీద కూర్చుని అడిగారు, "మోటుపల్లి నువ్వెప్పుడైనా చూశావా?" అని. చూడలేదు. ఒంగోలు దాటాక కాస్త దూరమే, అరవై ఏడేళ్లొచ్చినా చూడలేదు. వచ్చే నెల రెండో శనివారం వెళ్తున్నాం, కారులో ఇద్దరికి చోటుంది, పేర్లు ఇవ్వండి.

ఇంకేమైనా అడుగుతారా? ఆ, మూడో వరసలో అమ్మ. ఆవకాయా? తీసుకెళ్లండి, బాగా సీలు వేయించి పెద్ద లగేజీలో పెట్టండి. చికెన్ పచ్చడి వద్దు, నెయ్యి డబ్బా వద్దు. మాంసం, పాల పదార్థాలు వాళ్ల దేశాల్లోకి రానివ్వరు. మేం నెయ్యి తీసుకెళ్లాం, విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టారు. కిలో నెయ్యి అమ్మా, ఇంట్లో కాచింది.